కోడలు తిన్న కొబ్బరి లౌజు

పాలకొల్లు

అమ్మణ్ణికి, ఇక్కడ అందరం కులాసా.

ఫోన్లో నీకు సగమే వినపడి కంగారుపడతావని ఈ కార్డు రాస్తున్నాను. మన కోడలు మధులతకు జ్వరం తగ్గింది కానీ ముద్ద మింగడం లేదు. "ఇలాగే ఉంటే సెలైన్ ఎక్కించాలండి" అన్నారు డాక్టరుగారు. కొబ్బరి లౌజు పెట్టొచ్చా అని అడిగాను. "కొంచెం పెట్టండి. కొబ్బరి, బెల్లం సత్తువేనండి. కానీ దాంతోనే సరిపోదు, పప్పన్నం కూడా తినాలి" అన్నారు.

అబ్బాయి ఆఫీసుకెళ్లాక నేనే కొబ్బరి కోరి, బెల్లం పాకం పట్టాను. పాకం ముదిరి లౌజు రాయిలా అయింది. పాలలో నానబెట్టి ఇచ్చాను.

"మీరు చేశారా మామయ్యగారూ?" అంటూ మొత్తం తిని, కళ్లు తుడుచుకుంది. పోయిన వాళ్లమ్మ చేసినా ఇలాగే గట్టిపడేదట. సాయంత్రం పప్పన్నం తనే అడిగి తింది.

పాకం ఎప్పుడు దించాలో రాయి. ఇంగువ డబ్బా ఎక్కడ పెట్టావు? భీమవరంలో దోమలు ఎక్కువ, పసివాడికి తెర కట్టండి. అమ్మాయి శృతికి, మనవడికి నా ఆశీస్సులు.

నువ్వు హడావుడిగా బయల్దేరి రావద్దు. బాలింత దగ్గరే ఉండు. మధులతకు నేనున్నాను.

గున్నేశ్వరరావు