అరంగుళం చొప్పున

బుల్లీ,

అమ్మ దీవెనలు. ఇక్కడ అందరం కులాసాగానే ఉన్నాం, ఒక్క మీ నాన్న మోకాలు తప్ప. అది ఆయన మాట వినడం మానేసి చాలా కాలమైంది, అచ్చం నాలాగే. నువ్వక్కడ బాగున్నావని నమ్ముతూ రాస్తున్నాను. ఫోనులో చెప్పొచ్చుగా అంటావు. ఫోనులో నువ్వు "ఊఁ, సరేలే అమ్మా" అనేసి పెట్టేస్తావు. పైగా ఈసారి చెప్పాల్సింది నీ గొంతు వింటూ చెప్పే ధైర్యం నాకు లేదు.

నీ ఉత్తరంలో మూడు ప్రశ్నలు అడిగావు. మొదటిది, కళ్లద్దాలు మార్పించుకున్నావా అని. మార్పించాను. సూదిలోకి దారం ఒక్క దెబ్బకే ఎక్కుతోంది. "ఇప్పుడు నా ముఖం స్పష్టంగా కనిపిస్తుంటుంది, పాపం" అని మీ నాన్న నా మీద జాలిపడుతున్నారు.

రెండోది అసలు ప్రశ్న. నాలుగు నెలలుగా రోజూ అరగంట వేగంగా నడుస్తున్నాను, వారానికి మూడు రోజులు బరువులెత్తుతున్నాను, కిలో కూడా తగ్గలేదు, ఇక మానేయనా అని రాశావు. పాత రక్తపరీక్ష కాగితాలు, కొత్తవి కూడా జతచేశావు. నాకేం అర్థమవుతాయి? మన టైలరింగ్ కొట్లో తెల్లకోట్లు కుట్టించుకునే డాక్టరమ్మ శనివారం కోటు తొడిగి చూసుకోవడానికి వచ్చింది. చేతులు చాచి నిలబడ్డ మనిషి ఎక్కడికీ పారిపోలేదు కదా, భుజాల దగ్గర గుండుసూదులు పెడుతూనే ఆ కాగితాలు ముందుంచాను.

"పాపకి పీసీఓఎస్సా?" అంది.

"అవునండీ, ఆ అండాశయాల సమస్యే. లివర్‌లో కొవ్వు కూడా చేరిందన్నారు."

కదలకుండానే చదివింది. "బరువు తగ్గలేదని ఏడుస్తోందా? ఇదిగో, ఈ అంకె చూడండి. లివర్ ఎంత ఇబ్బంది పడుతోందో చెప్పేది ఇదే. అప్పుడు డెబ్భై ఒకటి, ఇప్పుడు నలభై ఆరు. ఈ సమస్య ఉన్న చాలామందికి ఇన్సులిన్ సరిగ్గా పనిచెయ్యదమ్మా. కండలు కదిలితే రక్తంలో చక్కెరను అవే వాడుకుంటాయి, లివర్ మీద భారం తగ్గుతుంది. కాటాకి తెలియకపోయినా లోపల మార్పు వస్తుంది. అందరికీ ఇంత తొందరగా కనిపించదు. మానొద్దని చెప్పండి. వాళ్ల డాక్టర్ని అడక్కుండా ఏదీ మార్చొద్దని కూడా చెప్పండి."

నాకు ఏడుపొచ్చింది. ఆ సంతోషంలో ఒక గుండుసూది ఆవిడ భుజానికే గుచ్చాను. కాబట్టి మానకు. టికెట్ కౌంటర్లో ఎనిమిది గంటలు కూర్చుని లేచిన ఒళ్లు మొండికేస్తుంది, నిజమే. నువ్వు అంతకంటే మొండిదానివి.

ఇక మూడోది. "నాకు బట్టలెప్పుడూ సరిగ్గానే పట్టేవి కదమ్మా, ఉన్నట్టుండి ఇదంతా ఎక్కణ్ణుంచి వచ్చిపడింది?" అన్నావు. ఉన్నట్టుండి రాలేదు తల్లీ.

నీ పదహారో ఏట ఒక గౌను పక్కన పిగిలిపోయింది. ఆ పూట తిండి మానేసి గదిలో కూర్చున్నావు. అప్పట్నుంచీ నువ్వు చదువుకు వెళ్లగానే నీ బట్టలు అలమారలోంచి తీసి, పక్క కుట్లు విప్పి, లోపల మడిచి ఉన్న గుడ్డలోంచి అరంగుళం వదిలి మళ్లీ కుట్టేదాన్ని. పాత కుట్టు జాడ తెలియకుండా ఇస్త్రీ చేసేదాన్ని. మూడేళ్లలో ఎనిమిది సార్లు. లోపలి గుడ్డ అయిపోయాక పక్కల్లో పట్టీ వేసి, కొత్త ఫ్యాషన్ అని చెప్పాను. నువ్వు నమ్మి స్నేహితురాళ్లకు కూడా చూపించావు.

అక్కడితో ఆగినా బాగుండేది. నీకు పంతొమ్మిదేళ్లప్పుడు, నాలుగు నెలలుగా నెలసరి రావడం లేదని క్లినిక్‌కి తీసుకెళ్లాను. "ఈ మధ్య ఒళ్లు చేశావా?" అని డాక్టరు అడిగాడు. నువ్వు ఠక్కున "లేదండీ, మూడేళ్ల కిందటి బట్టలే పడుతున్నాయి" అన్నావు. ఆయన నావైపు చూశాడు. నడుము దగ్గర నాలుగంగుళాలు లావెక్కావని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నీ ముందు ఎలా చెప్పడమని, నీ మాటకే అవునన్నట్టు తల ఊపాను. ఆయన బలానికి మాత్రలు రాసి పంపేశాడు. ఆ రోజు నేను నోరు విప్పి ఉంటే ఈ పరీక్షలన్నీ ఆరేళ్ల ముందే జరిగేవేమో. ఆ 'జరిగేవేమో' అన్నదే నన్ను తినేస్తోంది.

అదంతా ప్రేమే అనుకున్నాను బుల్లీ. ఇప్పుడు చూస్తే అందులో సగం పిరికితనం. నన్ను క్షమించు.

వచ్చే నెల పదో తారీఖున మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లాలన్నావు. నువ్వు ఒప్పుకుంటే నేనూ వస్తాను. ఎప్పుడు ఎంత వదిలానో అంతా నా నోటితోనే చెబుతాను, నువ్వు పక్కనుండగానే. కోపమొస్తే రావద్దని రాయి, తప్పుపట్టను. నెల రోజులు మాట్లాడకపోయినా భరిస్తాను. నడక మాత్రం మానకు. నా మీద కోపంతోనే నడువు. కోపంలో ఉన్న మనిషి ఎలాగూ వేగంగానే నడుస్తుంది.

ఇట్లు,
నీ కొలతలన్నీ తెలిసీ నోరు మెదపని
మీ అమ్మ