లోపలి గడియ

రాజుపాలెం,
11 ఫిబ్రవరి 1999.

సౌభాగ్యవతి సంజీవమ్మకు దీవెనలతో నీ భర్త కుళ్లాయప్ప రాసే జాబు. ఇక్కడ నేను, అమ్మ, నూట పది జీవాలు బాగున్నాం. కుంటి పొట్టేలు ఒక్కటే ఇంకా కాలు ఈడుస్తోంది. వేములలో నువ్వూ, పాప మునెమ్మా, మీ వాళ్ళూ సుఖంగా ఉన్నారని తలుస్తాను. ఈ ఉత్తరం నువ్వే చదువుకో. మీ వదిన చేత చదివించుకోకు.

నీ ఉత్తరం అంది తొమ్మిది రోజులైంది. అందులో నువ్వు అడిగినవి నాలుగు. మూడింటికి సంతోషంగా జవాబు రాస్తాను. నాలుగోదాని కోసమే ఇన్నాళ్ళూ పెన్ను తీయడం, మళ్ళీ జేబులో పెట్టుకోవడం.

పోయినేడు చేలో వానకు తడిసి పాపకు జ్వరం వచ్చాక, "గోడలుండే గది చూపిచ్చు, అప్పుడే వస్తా" అని పుట్టింటికి పోయావు. నాకు కోపం వచ్చింది. అమ్మ ముప్పై ఏళ్ళు మంద వెంట నడవలేదా అనుకున్నాను. "నడిచినా గాబట్టే చెప్తాండా. ఆ పిల్ల అడిగింది తప్పు గాదు" అని అమ్మే నన్ను తిట్టింది. ఆ తరువాతే ఈ పాత సరుకుల వ్యాను కొన్నాను.

ఇల్లులా ఉంటుందా అని అడిగావు. ఉంటుంది. ప్రొద్దుటూరులో వెల్డింగు పని చేసే హుమాయున్ ఇనుప చట్రం కొట్టాడు. దానికి మన పాత మంచం నవారే అల్లాను. మంచం కింద జొన్నల మూటలు పడతాయి, కొత్తగా పుట్టిన గొర్రెపిల్లలు రెండు పడుకుంటాయి. పొయ్యి కింద నాపరాయి పలక వేశాను, గని దగ్గర విరిగిన ముక్క, ఊరికే ఇచ్చారు. నీళ్ళ డ్రమ్ముకు కొళాయి ఉంది. పైన ఉయ్యాల కొక్కెం చూసి హుమాయున్ నవ్వాడు: "ఏంది భాయ్, బండి కదిల్తే చాలు, ఇంగ ఊపే పనే లేదు!"

ఎండకు ఉడికిపోమా అన్నావు. రేకు లోపలి వైపు గోనెసంచులు రెండు వరసలు పరిచి, మీద అట్టలు బిగించాను. పక్క రేకు కోసి, పాత బస్సు కిటికీ పెట్టించాను, దోమల జాలీతో సహా. మధ్యాహ్నం పడుకుని చూశాను. బాగానే ఉంది, కానీ నాకు నిద్ర పట్టలేదు.

లోపలి నుంచి గడియ పడుతుందా అనేది నీ మూడో ప్రశ్న. సరుకుల బండి తలుపులకు గడియ బయటే ఉంటుంది. మూటలకు లోపలి గడియ ఎందుకు? ఇప్పుడు లోపల పెట్టించాను. దాని గురించి చివర మళ్ళీ రాస్తాను.

ఇక నాలుగోది. "ఎవురి బండి అది? అంత చౌకగా ఎందుకిచ్చిరి?" అని అడిగావు. అది నారాయణ మామ బండి, సంజీవమ్మా.

మన పెళ్ళికి ముందటి ఏడాది శెనగ చేలో చంపేశారే, ఆ నారాయణ మామ. అప్పుడు చేలో ఉన్న మంద మనదే. అంతవరకు నీకు తెలుసు. తెలియనిది ఇప్పుడు రాస్తున్నాను.

సర్పంచి ఎన్నికల్లో మామ ఒక పార్టీకి ఏజెంటుగా కూర్చున్నాడు. అవతలి పార్టీ వాళ్ళు ఊళ్ళోనే చెప్పి మరీ వెంటపడ్డారు. మామ వరసగా రెండు పొద్దులు ఒకచోట ఉండేవాడు కాదు. ఎక్కడికి పోయేదీ అలివేలమ్మ అత్తకు కూడా చెప్పేవాడు కాదు. కానీ మంద ఆచారం నీకు తెలుసు. ఎరువుకని చేలో మంద పెట్టించుకున్న రైతు, మొదటి సాయంత్రం మందవాళ్ళకు సంగటి తన చేత్తో తేవాలి. మామ ఏనాడూ ఆ పని ఇంకొకరికి అప్పగించలేదు.

ముందు రోజు దువ్వూరు రోడ్డు టీ బంకు దగ్గర ఒకడు నాకు టీ ఇప్పించాడు. తెల్ల చొక్కా, మెత్తటి మాట.

"రేపు మంద యాడ పెడ్తాండావప్పా?" అన్నాడు.

"నారాయణ మామ శెనగ చేన్లో" అన్నాను, గొప్పగా. మంచి రైతు పిలిచాడని గొప్ప నాకు.

మంద కావలసిన రైతు ఎవరైనా ఆ వెంటనే ఎన్ని జీవాలు అని అడుగుతాడు. వాడు అడగలేదు. టీ డబ్బులిచ్చి వెళ్ళిపోయాడు. అడగలేదన్న సంగతి ఇంటికి వచ్చేటప్పుడే నాకు తట్టింది. తట్టినా, మనకెందుకులే అనుకున్నాను. నా తప్పంతా అక్కడే ఉంది.

మరునాడు పొద్దు గూకుతుండగా మామ ఈ బండిలోనే వచ్చాడు. ఎప్పటిలాగే రెండుసార్లు హారన్ కొట్టాడు. సంగటి గిన్నె దించి, మన ముసలి కుక్కకు ఒక ముద్ద వేసి, జీవాలను చూస్తూ గట్టు వైపు నడిచాడు. జీపు వచ్చింది. బాంబు పేలింది, జీవాలు చెదిరిపోయాయి. "కుళ్లాయప్పా!" అని ఒక్కసారే పిలిచాడు. నేను గట్టు కింద బోర్లా పడుకుని ఉన్నాను. లేవలేదు. సంగటి జీవాల కాళ్ళ కింద మట్టయిపోయింది.

ఆమధ్య జమ్మలమడుగులో అత్త దగ్గర బండి కొన్నప్పుడు ఆమె ఒక్కటే అడిగింది: "ఆ పొద్దు మీరు తిన్న్యారా?"

"తిన్నాం అత్తా" అన్నాను.

"అయితే తీసకపో. ఇంగెవురూ ఈ బండి కొనరు. ఆయన పెట్టిన కూడు తిన్నోనికే పోనీ."

అప్పటి నుంచి నాకు స్థిమితం లేదు. దీపాలు పెట్టే వేళ మన ముసలి కుక్క వచ్చి డ్రైవరు తలుపు ముందు కూర్చుంటుంది. ఖాళీ సీటు వైపు చూసి తోక ఊపుతుంది. నేను అదిలిస్తే పోదు. నాకు భయమేస్తుంది. నవారు అల్లుతుంటే వెనక ఎవరో జీవాలను లెక్కపెడుతున్నట్టే ఉంటుంది. నా పేరు వినపడుతుందేమోనని రేడియో పెట్టుకుని పని చేశాను.

నిన్న మళ్ళీ జమ్మలమడుగు పోయాను. టీ బంకు మాట, గట్టు మాట, తినలేదన్న మాట అన్నీ అత్తకు చెప్పేశాను. ఆమె ఊడుస్తున్న చీపురు గోడకు ఆనించింది.

"నేనూ పోవద్దంటి. మందోళ్ళు పస్తు పండుకుంటారే అని పాయ" అంది. ఆ వెంటనే, "నీ పెండ్లానికి చెప్పినావా?"

"లేదత్తా."

"ముందు ఆ యమ్మకు చెప్పు. చెప్పకుండా బిడ్డను దాంట్లో పండుకోబెడ్తే, ఆయన సంగతి ఏమో గానీ, నేను ఒప్పుకోను."

క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు.

వచ్చే వారం శుక్రవారం పులివెందుల మీదుగా బండి తెస్తాను. వేముల బయటే ఆపుతాను. హారన్ కొట్టను. నీకు ఆ బండిలో ఉండడం ఇష్టం లేకపోతే రావద్దు. సాయంత్రం వరకు చూసి తిరిగి వస్తాను. నిన్ను తప్పు పట్టను. వస్తే, బండి నీదీ పాపదీ. నేను ఇదివరకటిలాగే బయట, జీవాల దగ్గర పడుకుంటాను.

బయటి గడియను హుమాయున్ చేత కోయించేశాను. ఇప్పుడు ఉన్నది లోపలి గడియ ఒక్కటే. అది వేసుకుంటే బయటి నుంచి ఎవరూ తీయలేరు, నేను కూడా. ఏ చీకట్లోనైనా నువ్వు లోపలి నుంచి నా పేరు పెట్టి పిలిస్తే మాత్రం, ఈసారి లేచి వస్తాను.

ఇట్లు,
మునెమ్మ నాయన,
కుళ్లాయప్ప.