ఆదివారం తర్జుమా

అమీర్‌పేట,
ఆగస్టు 2004.

నాయనకు, నీ బిడ్డ సుగుణ వందనాలు. ఇక్కడ నీ మనవరాలు సుష్మిత బాగుంది, రెండో తరగతికి వచ్చింది. నేనూ బాగున్నాననే రాస్తున్నాను, కిందిది చదివి కంగారు పడకు. నీ మోకాలి నొప్పి తగ్గిందా? అమ్మను వానలో తడవనీయకు.

అల్లుడు ఫోనెందుకు ఎత్తడని అడిగావు. జయరాజ్ పగలంతా ఇన్‌స్టిట్యూట్‌లో జావా చెబుతాడు, సాయంత్రమైతే పంజాగుట్టలో ప్రార్థన. ఆ సంఘాన్ని నడిపేది అమెరికా నుంచి వచ్చిన తెల్ల పాస్టరు. నా ఉద్యోగం సంగతీ అడిగావు. సోమాజిగూడ ఆఫీసులో నన్ను టీమ్ లీడర్‌ని చేశారు. మగవాళ్ల మీద ఆడది పెత్తనం చేయకూడదని పాస్టరు అన్నాడు, జయరాజ్ మానిపించాడు. ఆడది బోధించనూ కూడదట. కానీ పాస్టరు ఇంగ్లీషును తెలుగులో చెప్పడానికి నేను పనికొచ్చాను, ఎందుకంటే ఆ మాటలు నావి కావు కదా.

పోయిన నెల ఒక ఆదివారం ఆయన కొత్త సంగతి చెప్పాడు. భార్యకు భర్త శిరస్సయినట్టే నల్లజాతులకు తెల్లజాతి శిరస్సట, దేవుడే అలా అమర్చాడట. జయరాజ్ ముందు వరసలో కూర్చుని తలూపుతున్నాడు. వెనక సనత్‌నగర్ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు పిల్లాజెల్లాతో కూర్చున్నారు. ఆయన వాడిన 'హెడ్‌షిప్' అనే ఇంగ్లీషు మాటకు సంఘంలో 'శిరస్సత్వం' అని చెప్పాలి. నేను 'దొరతనం' అన్నాను. ఇంట్లో భర్త దొర, మనందరికీ తెల్లవాళ్లు దొరలు, ఇదే పాస్టరుగారి మాట అని విడమరిచి చెప్పాను.

ఎవరూ ఆమెన్ అనలేదు. వెనక కూర్చున్న నర్సింహులు తాత లేచి నిలబడ్డాడు.

"దొరకు దండం పెట్టుడు బంద్ చేసేటందుకే నేను బాప్తిస్మం తీసుకున్న బిడ్డా. మళ్లా గీ దొర ఎక్కడికెల్లి వచ్చిండు?"

భార్యను తీసుకుని వెళ్లిపోయాడు. వెనకే ఇంకొందరు వెళ్లారు.

దాచింది ఇప్పుడు రాస్తున్నాను. ఇంటికి వచ్చాక జయరాజ్ మోకరించి ప్రార్థన చేసి, లేచి నన్ను బెల్టుతో కొట్టాడు. అది క్రమశిక్షణ అని పాస్టరు చెప్పాడట. "ఆ దొర ముందల నా తల దించినవ్" అన్నాడు. తన నోట ఏ మాట వచ్చిందో తనకే తెలియలేదు.

వచ్చే ఆదివారం అందరి ముందూ నేను పాస్టరు కాళ్ల దగ్గర మోకరించి క్షమాపణ అడగాలి. లేకపోతే సుష్మితను పాస్టరు భార్య నడిపే హాస్టల్లో వేస్తారు, నా బుద్ధి అంటకుండా. నిన్న అది ముఖానికి మందంగా పౌడరు రాసుకుని, "అమ్మా, గిట్ల తెల్లగైతే నన్ను పంపరా?" అని అడిగింది. నేను తట్టుకోలేకపోయాను.

శనివారం దాన్ని తీసుకుని వస్తున్నాను. నన్ను వెనక్కి పంపమని మన ఊరి పాస్టరు నీ దగ్గరికి వస్తాడు. నువ్వేమంటావోనని భయంగా ఉంది నాయనా. ఊళ్లో దొర గడీ ముందు చెప్పులు విప్పడం నువ్వు మానేశావు. కానీ ఇంట్లో అమ్మ మీద చెయ్యెత్తడం మానలేదు, నేను చూశాను. అందుకే ఒక్కటి అడుగుతున్నాను. ఆయనొచ్చినప్పుడు నువ్వు మాట్లాడకు. జవాబు అమ్మను చెప్పనీ.

ఇట్లు,
నీ పెద్దబిడ్డ సుగుణ