అంచు మీద గోరు

జూన్ 3, మంగళవారం

క్రితం నెల మా కొట్లో పాత సింబల్, అదే డ్రమ్ముల పక్కన కర్రతో మోగించే కంచు పళ్లెం, కొనుక్కుపోయిన డ్రమ్మర్ ఇవాళ దాన్ని తిరిగి తెచ్చాడు. మధ్య బుడిపె దగ్గర పగులుందన్నాడు. నువ్వే బాది పగలగొట్టి ఉంటావని అన్నయ్య కసిరాడు. మాస్టారూ, రిపేరుకి ఇవ్వాల్సింది సింబల్ని కాదు, మీ చెవుల్ని అని అతను నవ్వాడు. అన్నయ్యకు ఆ మాట సగమే వినిపించినట్టుంది. తనూ నవ్వాడు.

అన్నయ్య దాన్ని కొన్న రోజే నేను విన్నాను. మోత చివర కాగితం చిరిగినట్టు సన్నటి జీర. ముప్పై ఏళ్లుగా పాత వాయిద్యాలు కొని అమ్ముతున్న మనిషికి హైస్కూలు చదువుతో నేను చెప్పొచ్చేదేమిటని ఊరుకున్నాను. ఎటూ నా గొంతు చిన్నది.

జూన్ 4, బుధవారం. ఉదయం 6

ప్రార్థనలో కూడా ఆ జీరే. దేవుణ్ణి ఒక్కటే అడిగాను. అన్నయ్య చెవుల సంగతి బయటివాళ్లకు తెలియనీయకు.

జూన్ 12, గురువారం

అన్నయ్య పాత సింబల్ని పరీక్షిస్తుంటే చూసి తీరాలి. ముందు తయారుచేసినవాళ్ల ముద్ర. లైటు ఏటవాలుగా పట్టి అరిగిన అక్షరాలు వెతుకుతాడు. తర్వాత సుత్తి దెబ్బల గుర్తులు. చేత్తో కొట్టినవైతే ఒకటి దగ్గర, ఒకటి దూరం. మెషీన్‌వి అసెంబ్లీలో నిలబెట్టిన పిల్లల్లా వరసలో ఉంటాయి. మధ్య రంధ్రం అరిగి కోడిగుడ్డులా సాగిందేమో చూస్తాడు. అంచు చుట్టూ గోరు నడుపుతాడు. పగులుంటే గోరు తట్టుకుంటుంది. నల్లబడ్డదాన్ని మాత్రం తోమకూడదు. కొట్లోకి వచ్చిన కొత్తలో నేను ఒకదాన్ని తళతళలాడేలా తోమి పెడితే, దాని వయసంతా కడిగేశావు కదే అని తల పట్టుకున్నాడు.

అన్నీ అయ్యాక కర్రతో ఒక్క దెబ్బ. ఇవాళ ఆ దెబ్బ కొట్టి నా మొహం చూశాడు.

నేను తల అడ్డంగా ఊపాను. ఇది మాకొద్దండీ అని అమ్మడానికి వచ్చినాయనకు చెప్పేశాడు. ఇంట్లో ఉన్నది ఇద్దరమే. ఆ మాట తనూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

జూన్ 20, శుక్రవారం

ఒక బ్యాండ్ వాళ్ల దగ్గర్నుంచి ఐదొచ్చాయి. రెండింటికి తలూపాను, మూడింటికి అడ్డంగా ఊపాను. కొట్టేది మాస్టారు, తీర్పు అక్కగారిది, బాగుందండీ ఈ కోర్టు అన్నాడు బ్యాండ్ లీడర్. అందరూ నవ్వారు. అందరి మొహాలూ చూసి అన్నయ్య ఆఖర్న నవ్వాడు.

జూలై 1, మంగళవారం

అన్నయ్యకు డ్రమ్స్ నేర్పిన గురువుగారు పోయి రెండేళ్లు. ఇవాళ ఆయన కూతురు పాత దుప్పట్లో చుట్టి ఆయన సింబల్ తెచ్చింది. ఎవరికో ఇచ్చే బదులు మీ దగ్గరుంటే నాన్న సంతోషిస్తారు అంది.

అన్నయ్య ముద్ర చూడలేదు. సుత్తి దెబ్బలు చూడలేదు. గోరు నడపలేదు. కర్ర తీసి కొట్టి, కళ్లు మూసుకున్నాడు. అదే, రేకుల మీద వాన పడ్డట్టు, అదే మోత అన్నాడు. ఎప్పటి మోత విన్నాడో.

నాకు జీర వినిపించింది.

కళ్లు తెరిచి నా మొహం చూశాడు. బాగుందన్నట్టు తలూపాను. ఇది అమ్మకానికి కాదు, నాది అన్నాడు. తను అలా నవ్వి ఎన్నాళ్లయిందో.

జూలై 2, బుధవారం

నోరు విప్పకుండా ఆడితే అది అబద్ధం కాకుండా పోతుందా?

జూలై 9, బుధవారం

కొట్టు తెరవగానే గురువుగారి సింబల్ని ఒక దెబ్బ కొడతాడు. నా వైపు చూస్తాడు. నేను తలూపుతాను. రోజూ ఇదే. పగిలిన సింబల్ కొట్టినకొద్దీ ఇంకా చీలుతుందని నాకు చెప్పింది తనే. జీర పెరుగుతోంది.

మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ చెప్పబోయాను. ఏమిటీ, గట్టిగా చెప్పు అన్నాడు. ఇలాంటి మాట గట్టిగా ఎలా చెప్పను? ఏం లేదులే అన్నాను. అది కూడా వినిపించలేదు.

జూలై 14, సోమవారం

ఇవాళ గురువుగారి సింబల్ మీద దుమ్ము తుడుస్తుంటే నా వేలికి తగిలింది. అంచు నుంచి అంగుళం పొడవున పగులు. దాని కొసన చిన్న గుండ్రటి రంధ్రం. చీలిక ఇంకా పాకకుండా అన్నయ్య డ్రిల్‌తో వేసే రంధ్రమే. బల్ల మీద పసుపుపచ్చటి లోహపు రజను ఇంకా ఉంది.

ఎప్పుడు గోరు నడిపాడో! ఆ రజను తుడవడానికి చెయ్యి రాలేదు. ఇవాళ కొట్టు తెరవగానే అన్నయ్య దాన్ని కొట్టలేదని అప్పుడు గుర్తొచ్చింది.

జూలై 17, గురువారం

ఒకాయన సింబల్ తెచ్చాడు. అన్నయ్య ముద్ర చూశాడు. అంచు చుట్టూ రెండుసార్లు గోరు నడిపాడు. కర్ర తీయలేదు. కొట్టి చూడరేం మాస్టారూ అన్నాడాయన. నా వైపు చూడకుండానే అన్నయ్య అక్కర్లేదన్నాడు. ఆయనే వేలితో మీటి వినిపించాడు.

చాలా మంచి మోత. నన్నెవరూ అడగలేదు.