తట్ట దించని దారి

గౌరమ్మొదినా,

మన స్టేషన్లో పట్టాల కింద నుంచి తవ్విన దారి ఇవాల తెరిసినారు. సబ్‌వే అంటన్నారు దాన్ని. ఈ కబురు నీ కూతురు సిట్టి సేత రాయిత్తన్నాను. "అమ్మ లేదు కదత్తా, ఎవులికి పంపుతావు?" అంది. ముందు రాయే, అన్నాను.

బొగ్గు గూడ్సు అడ్డంగా ఆగిపోతే మనం సేపల తట్టలు దించి, పెట్టెల కింద నుంచి దూరేవోళ్లం. ముందు నువ్వు దూరి తట్టలు లాక్కునేదానివి. బండి కదుల్తాదేమోనని నాను సక్రం మీద సెయ్యేసి సూసేదాన్ని. అవతలకొచ్చాక నా తట్ట నువ్వే నెత్తికెత్తేదానివి.

నిన్ను జొరం తీసుకుపోయింది గానీ బండి కాదు. అయినా నువ్వు పోయాక నాను గూడ్సు కింద దూరలేదు. తట్ట ఎత్తేవోళ్లు లేక రైలు గేటు దాకా సుట్టు తిరిగెల్లేదాన్ని. అమ్మడానికి కాలనీకి సేరేసరికి సేపలు మెత్తబడిపోయేవి. ఈ మద్దిన సిట్టి కూడా తట్టెత్తుకుని నాతో వత్తంది. తొందరపడి ఎక్కడ బండి కింద దూరేత్తాదోనని దాని కొంగు పట్టుకునే నడిసేదాన్ని.

పొద్దున్న ఇద్దరం మెట్లు దిగినాం. పైన గూడ్సు పోతంటే గోడలదిరినాయి. తట్టలో నీళ్లు నా సెవి మీదకి కారినాయి. సిట్టి తలెత్తి కూడా సూడకుండా నడిసిపోయింది. ఇంక నాకు బెంగ లేదొదినా, రేత్రి నిద్ర పడతాది.

అవతల మెట్లెక్కగానే నా కాళ్లు ఆగిపోనాయి.

"ఏటత్తా, నిలబడిపోనావు?" అంది సిట్టి.

తట్ట నా నెత్తి మీదే ఉంది. నాను మాత్రం నువ్వొచ్చి ఎత్తుతావని నిలబడిపోనాను.