కూరకి కాపలా

ప్రియమైన అత్తయ్యకి,

నీ మేనకోడలు పిడుగు వందనాలతో రాసేది. ఇక్కడ అందరం కులాసా. ఆసుపత్రిలో నా నర్సు డ్యూటీ, మీ అల్లుడి బస్సు డ్యూటీ ఒకదానికొకటి ఎడ్డెమంటే తెడ్డెమంటున్నాయి. అయినా బండి నడుస్తోంది.

చర్చిలో పాటల మాస్టారు చివరి పాట నిన్ను పాడమంటే కుదరదన్నావట. మామయ్య చెప్పగానే నాకు ఒళ్ళు మండింది. నువ్వు గిన్నెలు తోముతూ ఆ పాట అందుకుంటే పక్కింటివాళ్ళు రేడియో కట్టేసేవాళ్ళు. అలాంటి గొంతున్న మనిషి, సరిగ్గా ఆ పాట వేళకి పొయ్యి వెలిగించాలని ఇంటికి పరిగెత్తడమేమిటి?

అందుకే ఈ పార్సెల్లో స్లో కుక్కర్ పంపుతున్నాను. కరెంటు మీద సన్నగా పూటంతా ఉడికిస్తుంది. ఎముక ముక్కలు తీసుకో, అవే చవక. నిదానంగా ఉడికితే ఖరీదైన మాంసం వాటి ముందు బలాదూర్. కూరగాయల కొట్టు మూసే వేళకి వెళ్తే దుంపలూ క్యారెట్లూ కారుచవగ్గా ఇచ్చేస్తారు. రాత్రి నానబెట్టిన చిక్కుడు గింజల్ని పొద్దున్నే పొయ్యి మీద బాగా ఒక ఉడుకు రానిచ్చి, అన్నీ కలిపి అందులో వేసి, ఉప్పూ మిరియాలూ చల్లి, మూత పెట్టి చర్చికి వెళ్ళిపో. వచ్చేసరికి భోజనం సిద్ధం. ఈ ఆదివారం నువ్వు పాడాలి.

నీ
పిడుగు

తా.క.: మూత మాత్రం తియ్యకు.

*

చిరంజీవి పిడుగుకి,

అత్తయ్య దీవెనలు. కుక్కర్ అందింది. చూడముచ్చటగా ఉంది. నా మీద నీకున్న ప్రేమకి కళ్ళు చెమర్చాయి. తరవాత ఆకలికి కూడా చెమర్చాయి.

ఏమే, ఇది చప్పుడు చెయ్యదేం? కూరన్నాక కుతకుతమనాలి. ఆవిరి రావాలి. మూత ఎగిరిపడాలి. ఇదేమో పరీక్ష హాల్లో పిల్లాడిలా నోరు మెదపదు. బతికుందో లేదో చూద్దామని మూత తీశాను. వేడి పోయింది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ అనుమానం వచ్చింది. అలా తీస్తూ పెడుతూ ఇంట్లోనే ఉంటే అక్కడ చర్చిలో ప్రార్థన మొత్తం అయిపోయింది. ఇదివరకు చివరి పాట ఒక్కటే పోయేది. ఈసారి నీ పుణ్యమా అని ప్రసంగం కూడా పోయింది.

మీ పెద్దబావ, వాడి పెళ్ళాం, పిల్లలూ చర్చి నుంచి ఆవురావురుమంటూ ఊడిపడ్డారు. దుంపలు కరకరలాడాయి. పాటల మాస్టారు గుమ్మం దాకా వచ్చి, "అమ్మా, వచ్చే ఆదివారమైనా..." అని నసిగి వెళ్ళారు. ఆ పాట పాడాలని నాకు మాత్రం ఉండదూ?

ఇట్లు
మీ అత్తయ్య

తా.క.: మీ మామయ్య పిల్లల ముందు నిన్ను మెచ్చుకుంటూ ఒక ముక్క కొరికాడు. ఆయన కట్టుడు పళ్ళు ఇంకా ఆ ముక్కని మెచ్చుకుంటూనే ఉన్నాయి.

*

అత్తయ్యా,

వందనాలు. నవ్వలేక చచ్చాను. మూత తీసిన ప్రతిసారీ అది మళ్ళీ మొదటికొస్తుంది. చప్పుడు చెయ్యకపోవడమే దాని గొప్ప. దాన్ని నమ్ము. నమ్మలేకపోతే దాని పక్కన ఉండకు, ఇల్లు దాటిపో. నీ చేతి వంట తిని పెరిగినదాన్ని, నీకు వంట నేర్పేంత పొగరు నాకు లేదు. చేతులు కట్టుకుని కూర్చోమంటున్నాను, అంతే.

నీ
పిడుగు

తా.క.: మామయ్య పళ్ళకి నా క్షమాపణలు చెప్పు.

*

చిరంజీవి పిడుగుకి,

దీవెనలు. నువ్వు చెప్పినట్టే ఇల్లు దాటాను. కానీ దీన్ని ఎవరికి ఒప్పజెప్పను? మీ మామయ్యకా? గడియారాలు బాగుచేసి బతికిన మనిషి. మూసి ఉన్నది ఏది కనిపించినా విప్పి చూడందే ఆయనకి ముద్ద దిగదు. "నువ్వెళ్ళు, నేను చూసుకుంటా" అన్నాడు. చేతిలో స్క్రూడ్రైవర్ ఉంది.

అందుకని కుక్కర్ని దుప్పట్లో చుట్టి చర్చికే తీసుకెళ్ళాను. పాటలవాళ్ళ వెనకాల ఒకటే ప్లగ్గు ఉంది. అందులో ఉన్న తీగేదో పీకి ఇది పెట్టాను. అది పాటల మైకుదని నాకేం తెలుసు?

కాసేపటికి ఘుమఘుమలు మొదలయ్యాయి. పాస్టరుగారు ఆ రోజు ఉపవాసం గురించి చెబుతున్నారు. ఒక్కో మాటకీ గుటక వేస్తున్నారు. పిల్లలంతా మెడలు తిప్పి నా వైపే చూస్తున్నారు. ప్రసంగం సగంలోనే ముగిసింది. ఇంత మంచి ప్రసంగం ఈ మధ్య వినలేదని అందరూ అన్నారు.

అసలు సంగతి చివరి పాట దగ్గర వచ్చింది. మైకు పలకలేదు. మాస్టారు కుక్కర్ తీసెయ్యమన్నారు. "ముక్క ఇంకా ఉడకలేదండీ" అన్నాను. ఆయన తలపట్టుకుని, ఆ పాట ఆయనే పాడేశారు. వచ్చే ఆదివారం కూడా తప్పితే దాన్ని బ్యాంకు గుమస్తాకి ఇచ్చేస్తారట. ఆ గుమస్తా గొంతు నీకు తెలుసుగా, తలుపు కిర్రుమన్నట్టుంటుంది. నాకు ఏడుపొచ్చిందే.

ఇట్లు
మీ అత్తయ్య

తా.క.: కూర మాత్రం అద్భుతం! ఎముక నుంచి మాంసం పిలిస్తే వచ్చేలా ఉంది. పాస్టరుగారు ఉపవాసం గురించి ఇంకా ఏదో అడగాలని భోజనం వేళకి మా ఇంటికి వచ్చారు.

*

అత్తయ్యా,

వందనాలు. డ్యూటీకి పరుగెత్తుతూ రాస్తున్నాను. నువ్వు తిరగేసి చేశావు. కుక్కర్ని ఇంట్లో వదిలి, మామయ్యని చర్చికి తీసుకెళ్ళు.

నీ
పిడుగు

తా.క.: స్క్రూడ్రైవర్ కూడా వెంట తెచ్చుకోనివ్వు. చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా ఆయనకి.

*

బంగారుతల్లి పిడుగుకి,

నిండు మనసుతో దీవిస్తున్నాను. నీ అంత తెలివి మన ఇంటా వంటా లేదు.

కుక్కర్ ఇంట్లో, మామయ్య నా పక్కన. చివరి పాటకి నేను లేచి ముందుకెళ్ళి, మొదటిసారి జనం వైపు తిరిగాను. బెంచీలన్నీ చూస్తూ అలాగే నిలబడిపోయాను. భయంతో కాదు. ప్రతి బెంచీలోనూ నాన్న ఉన్నాడు, పిల్లలున్నారు, పక్కన వాళ్ళమ్మ కూర్చున్న చోటు ఖాళీగా ఉంది. ఆడవాళ్ళందరూ పొయ్యిల దగ్గరికి పరిగెత్తారు! ఇన్నేళ్ళూ నేనొక్కదాన్నే వెళ్ళిపోతున్నాననుకుని సిగ్గుపడ్డాను. అందరికంటే ముందు వెళ్ళేదాన్ని, నా వెనక ఎవరు లేస్తున్నారో నాకెలా తెలుస్తుంది?

పాడాను. మగవాళ్ళు బాగుందన్నారు. నా మనసు మాత్రం నిండలేదు. తిన్నగా పాస్టరుగారి దగ్గరికి వెళ్ళి, "వచ్చే వారం చివరి పాటని మొదట్లోనే పాడతానండీ" అన్నాను. "మరి చివర్లో ఏం పాడతారమ్మా?" అన్నారు. "చివర్లో మగవాళ్ళు ఏది పాడుకున్నా మాకు అభ్యంతరం లేదండీ" అన్నాను. మాస్టారు ఏదో అనబోయారు. పాస్టరుగారే ఆయన్ని ఆపారు. మా కూర తిన్న మనిషి కదా.

నిన్న అలాగే జరిగింది. ఒక్క అమ్మ కూడా కదల్లేదు. నేను ఎత్తుకున్నాను, వాళ్ళంతా అందుకున్నారు. మైకు అవసరమే రాలేదు. నీ కుక్కర్ వల్ల నాకు దక్కింది ఒక్క పాట కాదే, ఆ గొంతులన్నీ దక్కాయి. నువ్వు ఇక్కడుంటే గట్టిగా కౌగిలించుకునేదాన్ని.

ఇట్లు
నిన్ను చూసి మురిసిపోయే
మీ అత్తయ్య

తా.క.: నా వెనక బెంచీలో లాండ్రీ ఆవిడ కూర్చుంటుంది. నాకంటే పెద్దది, కాపురానికొచ్చినప్పటి నుంచీ ఇదే చర్చి. పాటయ్యాక కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నా చెవిలో అడిగింది: "ఏమమ్మా, ఈ పాటకి రెండో చరణం కూడా ఉందా?"