ఖాళీ చేయనక్కర్లేదు

అక్కా, లిస్బన్‌లో నేను కులాసా.

ఇళ్లు ఖాళీ చేయించే నోటీసులు రాసే కొలువు వదిలేస్తే రోడ్డున పడతానన్నావు. పడ్డాను. మా సందు మొదట్లో సబ్జా మొక్కల కుండీలు అమ్ముతున్నాను. పునీత అంతోనీ పండుగకి మనసైనవాళ్లకి ఇచ్చే కుండీలు కదా, వాటిలో గుచ్చే కాగితపు జెండాల మీద పద్యాలూ నావే. కాలేజీ వదిలాక మళ్లీ ఇప్పుడే రాయడం.

మొదట వెన్నెల మీద, నది మీద రాశాను. చేపలమ్మే లుదొవీనా చదివి, "ఉప్పు లేని చారులా ఉందయ్యా ఫిర్మీనూ" అంది. ఒళ్లు మండి, పాత అలవాటు కొద్దీ రాసి పారేశాను: "ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, తమరు అనుమతి లేకుండా నా గుండెలో కాపురముంటున్నారు. ఖాళీ చేయనక్కర్లేదు. వచ్చి సంతకము చేయవలెను."

ఆవిడ పడీపడీ నవ్వి, ఆ జెండా గుచ్చిన కుండీయే కొని మంగలి బల్తజార్ గుమ్మంలో పెట్టేసింది. ఒకప్పుడు అతని షాపుకి నోటీసు రాసింది నేనే. నా చేతిరాత చూడగానే, గీసుకుంటున్న గడ్డం సగంలో వదిలేసి నురగతోనే పరిగెత్తుకొచ్చాడు.

"ఉద్యోగం మానేసినా నన్ను వదలవా?"

మళ్లీ చదవమని, లుదొవీనా వైపు చూపించాను. చదివి, నురగ తుడుచుకుని, "సంతకం ఎక్కడ పెట్టాలో అడిగొస్తా" అంటూ చేపల బల్ల దగ్గరికి నడిచాడు. అప్పటినుంచి అందరికీ నోటీసులే కావాలి.

ఎండు అత్తిపళ్లు పంపు. మేక ఈనిందా? బావ మోకాలు ఎలా ఉంది? ఆయనకి నమస్కారాలు, పిల్లలకి ముద్దులు.

ఇందుమూలముగా అక్కకు తెలియజేయడమేమనగా, తమ్ముడు సుఖముగా ఉన్నాడు. అభ్యంతరమున్నచో స్వయముగా వచ్చి, భోజనము చేసి, చెప్పవలెను.

ఫిర్మీను